హోరు వేరు, మాట వేరు

ప్రశ్న: వచ్చే నెల అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్తున్నాను. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కణ్ణుంచి 16 గంటలు ఒకే విమానం. పోయినసారి ఆ హోరుకి, దిగాక కూడా రెండ్రోజులు తల దిమ్ముగా ఉంది. ఈసారి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ తెచ్చుకోమని అల్లుడు 30 వేలది ఒకటి చూపించాడు. నాకు కళ్లజోడుంది. చెవులకి దిద్దులు, అవి తియ్యను. నిజంగా అంత డబ్బు పోయాలా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అంత అక్కర్లేదమ్మా. అలాగని అసలు వద్దనీ అనను. మీరు చెప్పిన ఆ హోరు ఉంది చూశారూ, ఈ వస్తువు పుట్టిందే దానికోసం. 1978లో బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తున్నారు. (అమెరికాలోనే పుట్టారు గానీ, తండ్రి కలకత్తా నుంచి వలస వెళ్లిన బెంగాలీ.) విమానంవాళ్లు ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజను హోరే తప్ప పాట ఆనలేదు. విమానం దిగేలోపే కాగితం మీద లెక్కలు కట్టుకున్నారు. అది పైలట్లకి అమ్మకానికొచ్చేసరికి 1989 అయింది. మనలాంటి ప్రయాణికుల చేతికి 2000లో వచ్చింది.

లోపల జరిగేది ఇదీ. మైకు బయటి హోరును వింటుంది. దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే అలను స్పీకరు వదులుతుంది. రెండూ కలిస్తే చెల్లుకు చెల్లు. కాకపోతే రెండు అలలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఇంజను హోరులో ఉండే 100 హెర్ట్జ్ (అంటే సెకనుకి వంద అలలు) ధ్వనికి ఒక్కో అల మూడున్నర మీటర్ల పొడవుంటుంది. నిదానంగా లేచి నిదానంగా పడుతుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. పసిపిల్లల ఏడుపులోని కీచు 3000 హెర్ట్జ్ దగ్గరుందనుకోండి, అల పొడవు 11 సెంటీమీటర్లే. జానెడులో సగం. చిప్పు లెక్క తేల్చేలోపు అది దాటిపోతుంది. అందుకే హోరు పోతుంది గానీ వెనక సీటు పసివాడి ఏడుపు పోదు. హోరు పోయాక మరీ విడిగా వినపడుతుంది కూడా. ఈ ముక్క షాపువాళ్లు చెప్పరు.

ఆ కీచుని ఆపాల్సింది చిప్పు కాదు, చెవి చుట్టూ ఉండే కుషన్. మీ కళ్లజోడు సంగతి ఇక్కడే వస్తుంది. నేను కోఠి గుజరాతీ గల్లీలో 22 ఏళ్లు ఆడియో రిపేరు కొట్టు నడిపాను. ఒకాయన ‘ఎడమ వైపు క్యాన్సిలింగ్ పని చెయ్యట్లేదు’ అని హెడ్‌ఫోన్ తెచ్చారు. విప్పి చూశా, మైకు బావుంది. బిగించి ఇచ్చేశా. నాలుగు రోజులకి మళ్లీ వచ్చారు, ముఖం చిటపటలాడిస్తూ. ఈసారి ఆయన తలకే పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ మూడో నంబరు మీద తిప్పాను. అప్పుడు కనపడింది. కళ్లజోడు ఎడమ కాడ వంగి, చెవి పైన కుషన్ని ఎత్తిపట్టింది. పుల్ల దూరేంత సందు. అక్కడ వేలితో నొక్కానో లేదో ‘పోయింది, పోయింది!’ అని అరిచారు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలీదు కదా, గల్లీలో సగం మంది మా కొట్టు వైపు చూశారు.

కాబట్టి మీకు సన్నటి లోహపు కాడల జోడు ఉంటే ప్రయాణానికి అది పెట్టుకోండి. దిద్దులు ముందు నుంచి ఏమీ చెయ్యవు. వెనక శీల ఉంటుందే, అదే రెండో గంటకి గుచ్చడం మొదలుపెడుతుంది. అంచులు చెవి మీద కూర్చునే చిన్నవి కాకుండా, చెవిని పూర్తిగా లోపలికి తీసుకునే పెద్ద గిన్నెల రకమే కొనండి. దిద్దులు తియ్యనన్నారు కాబట్టి, కొట్టుకి దిద్దులతో, కళ్లజోడుతోనే వెళ్లి కనీసం పావుగంట తలకి పెట్టుకుని కూర్చోండి. షాపు కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మోడల్ చెప్పమంటే, మీ అవసరానికి సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్ చాలు. పదివేల ప్రాంతంలో దొరుకుతుంది, 192 గ్రాములే. క్యాన్సిలింగ్ వేసి ఉంచినా చార్జి 35 గంటల దాకా వస్తుందని కంపెనీ లెక్క. అల్లుడుగారు చూపించిన ధరలో వచ్చే సోనీవాళ్లదే పెద్ద మోడల్ ఎక్స్‌ఎమ్5 హోరుని ఇంకా బాగా తీస్తుంది, కాదనను. కానీ అది 250 గ్రాములు, పైగా మడతపడదు. దాని ముందుదైన ఎక్స్‌ఎమ్4 మడతపడేది. ఎందుకు తీసేశారో వాళ్లకే తెలియాలి. తర్వాత వచ్చిన ఎక్స్‌ఎమ్6లో మడత మళ్లీ పెట్టారు. ఏడాదికోసారి ఎక్కే విమానానికి మూడింతలు పొయ్యడం నాకు నచ్చదు. నెలకి నాలుగుసార్లు ఎగిరే అల్లుడుగారికైతే వేరే మాట.

ఇంకో రెండు సంగతులు. సీటు ముందు తెరలో సినిమా చూడాలంటే చాలా విమానాల్లో ఇప్పటికీ తీగ కావాలి. పెట్టెలో అది ఉందో లేదో చూసుకుని, లేకపోతే 3.5 మిల్లీమీటర్ల తీగ ఒకటి కొని చేతిసంచిలో వేసుకోండి. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్లు పడటం గాలి ఒత్తిడి వల్ల వచ్చేది. దానికి ఏ హెడ్‌ఫోనూ పనికిరాదు, నోట్లో బిళ్ల వేసుకుని గుటకలు మింగడమే. కొంతమందికి క్యాన్సిలింగ్ వెయ్యగానే చెవిలో ఏదో నొక్కినట్టుంటుంది. మీకూ అలా ఉంటుందేమో ఇంట్లో వారం ముందే ఏసీ కింద కూర్చుని చూసుకోండి, వాపసు గడువు దాటకముందే.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. రూమ్మేట్ రాత్రి పన్నెండు దాకా ఫోన్లో మాట్లాడతాడు. నాయిస్ క్యాన్సిలేషన్ అని 1,300 పెట్టి ఇయర్‌బడ్స్ కొన్నాను. వాడి మాటలు పొల్లు పోకుండా వినపడుతున్నాయి. మోసపోయానా?
(ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, ఆ పెట్టె మళ్లీ ఒకసారి చూడు. ఏఎన్‌సీ (నీ చెవికి హోరు తగ్గించేది) అని ఉందా, ఈఎన్‌సీ అని ఉందా? రెండోదే అయితే అది నీ చెవి కోసం కాదు. నువ్వు ఫోన్లో మాట్లాడేటప్పుడు నీ వెనక ఉన్న రొద అవతలివాడికి వినపడకుండా చేసేది. అంటే దాంతో నీకేం ఒరగలేదు గానీ, నీకు ఫోన్ చేసేవాళ్లకి సుఖంగా ఉంది. ఒక్క అక్షరం తేడా, అట్ట మీద మాత్రం రెండింటికీ ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అనే పెద్దక్షరాలు.

నిజమైన ఏఎన్‌సీ కొన్నా నీ బాధ సగమే తీరుతుంది, ఎందుకంటే నీ శత్రువు ఫ్యాను కాదు, మాట. మందుల షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు అడుగు, వంద రూపాయల్లో వస్తాయి. వాటిని పెట్టుకోవడంలోనే కిటుకంతా ఉంది. వేళ్ల మధ్య అగరుబత్తి పుల్లంత సన్నగా నలుపు. కుడిచెవికైతే ఎడమచేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగు. లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకుని ఉండు. ఊరికే చెవి అంచున తగిలిస్తే ఏమీ ఆగదు. పొద్దున అలారం మాత్రం వైబ్రేషన్లో పెట్టి దిండు కింద ఉంచుకో. వాడితో ఒకసారి ముఖాముఖి మాట్లాడావా అని అడగను, అడిగే ఉంటావు.

ప్రశ్న: మెట్రోలోనూ, స్కూటీ మీదా ఒకటే హెడ్‌ఫోన్ వాడుకోవచ్చా?
(ఒక ఉద్యోగిని, మియాపూర్)

జవాబు: మెట్రోలో హాయిగా వాడండి. స్టేషను పేరు చెప్పేటప్పుడు వినపడాలంటే ట్రాన్స్‌పరెన్సీ బటన్ (బయటి చప్పుళ్లని లోపలికి వినిపించేది) ఉన్నది చూసుకోండి. స్కూటీ మీద వద్దు. వెనక వచ్చే లారీ హారన్ కన్నా ముందు మీకు అందాల్సింది దాని ఇంజను చప్పుడు. ఈ హెడ్‌ఫోన్ మొట్టమొదట మింగేసేది దాన్నే.

ప్రశ్న: మూడేళ్ల నాటి హెడ్‌ఫోన్. కుషన్ల మీది నల్లటి తోలు పొట్టు రాలి చెవులకి అంటుకుంటోంది. క్యాన్సిలింగ్ కూడా తగ్గినట్టుంది. కొత్తది కొననా?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: కొనకండి. అది తోలు కాదు, తోలులా కనపడే రెక్సిన్. మీ సముద్రపు ఉక్కకి, చెమటకి మూడేళ్లు నిలవడమే గొప్ప. పొట్టు రాలినచోట గాలి దూరుతోంది, క్యాన్సిలింగ్ తగ్గింది అందుకే. మీ మోడల్ నంబరు చెప్పి కుషన్ల జత ఒక్కటే కొని మార్చుకోండి. ఉక్క ఊళ్లో ఉన్నారు కాబట్టి, వాడాక మెత్తటి పొడిగుడ్డతో తుడిచి పెట్టండి. పాతవి ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, అంచు పట్టుకుని నెమ్మదిగా లాగితే చాలా మోడళ్లలో ఊడి వచ్చేస్తాయి. కింద పల్చటి గుడ్డ తెర ఒకటి కనపడుతుంది. దాన్ని చింపకండి, లోపలి మైకు సాధారణంగా దాని వెనకే ఉంటుంది.