కుంటకు చిలుకలు దిగాలంటే

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కుంట తవ్వించి ప్లాస్టిక్ పట్టా పరిచావట, చిలుకలు పైనుంచి పోతున్నాయే తప్ప దిగడం లేదట. ఎలా దిగుతాయి నాయనా? వాటి కాలికి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి. కొమ్మ పట్టి పాకే కాలది, కొంగలా నీళ్లలో నడిచేది కాదు. పట్టా మీద గోరు నిలవదు. జారిన పిట్ట గట్టెక్కలేక మునిగిపోతుంది.

ముందు ఆ పని చూడు. మణికట్టంత లావు వేప కొమ్మని, బెరడు తీయకుండా, గట్టు మీంచి నీళ్లలోకి ఏటవాలుగా దించు. పై కొన గుంజకి కొబ్బరి తాడుతో కట్టు. కింది కొనకి గోనెపట్టా చుట్టు, లేకపోతే పట్టాకి చిల్లి పడుతుంది. కొమ్మ కుంట అడుగుదాకా ఉండాలి. పొట్టిదైతే ఎండాకాలం నీళ్లు దిగేసరికి అందకుండా పోతుంది. నాలుగు వైపులా వేస్తే పడిపోయిన ఉడతలూ తొండలూ బతుకుతాయి.

చిలుకలు తిన్నగా నీటికి రావు. పక్క చెట్టు మీద వాలి, నలుదిక్కులా చూసుకుని, ఒకటి దిగాకే మిగతావి దిగుతాయి. గట్టు దగ్గర ఎండిన చెట్టు ఉంటే వంటచెరకని కొట్టించకు. దాని తొర్రలే వాటికి గూళ్లు.

వాటిని చూడాలంటే నువ్వు పాతిక ముప్పై గజాల దూరంలో, పొద్దున తూర్పు గట్టున, సాయంత్రం పడమటి గట్టున కూర్చో. వెలుగు వీపున పడాలి, లేదంటే రంగులన్నీ నల్లగా కనిపిస్తాయి. చాటుకి తాటాకు దడి వారం ముందే కట్టి వదిలెయ్, అలవాటు పడతాయి. తెల్ల చొక్కా వద్దు. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు చూపేది, 42 మిల్లీమీటర్ల అద్దం) చాలు, అంతకంటే పెద్దది చేతిలో వణుకుతుంది.

మెడకి నల్ల గీత, గులాబీ పట్టీ ఉంటే మగ రామచిలుక. ఆ పట్టీ రావడానికి మూడేళ్లు పడుతుంది, పట్టీ లేనివన్నీ ఆడవని లెక్క రాసుకోకు. భుజాన ఎర్ర మచ్చ, బండ ముక్కు ఉంటే అది పెద్ద జాతి. తల గులాబీ ఎరుపు, ముక్కు పసుపు, తోక చివర తెలుపు ఉన్నవి అడవి పక్క చేలల్లో తగులుతాయి. వాటిలో ఆడదాని తల బూడిద రంగు. చూడాల్సిన అందం అదే.

గింజలు చల్లకు. ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాములు. మందు కొట్టిన పంపు కుంటలో కడగనివ్వకు. జామ చెట్ల మీద వల వేస్తే బిగించి కట్టించు, వదులు వలలోనే కాళ్లు చిక్కుకుంటాయి. పిల్ల దొరికిందని పంజరంలో పెట్టేవు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

కొమ్మలు వేశాక పదిహేను రోజులు గట్టు మీదికి కుక్కని రానివ్వకు.

మీ మామయ్య