ఫ్లాట్ కొనే ఏడాదిలో కొత్త క్రెడిట్ కార్డా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 95 వేలు చేతికొస్తుంది. నా భార్య స్కూల్లో టీచరు, ఆమె జీతం 40 వేలు. డల్లాస్‌లో ఉండే మా బావగారు మూడు నెలలకో కొత్త క్రెడిట్ కార్డు తీసుకుని, ఆ పాయింట్లతోనే ఇండియాకు టికెట్లు బుక్ చేసుకుంటారు. ఆయన్ని చూసి నేనూ గత ఏడాదిలో ఐదు కార్డులకు అప్లై చేశాను. రెండు వచ్చాయి, మూడు రిజెక్ట్ అయ్యాయి. 2017 నుంచి ఉన్న పాత కార్డుతో కలిపి ఇప్పుడు మూడు. బిల్లు ఎప్పుడూ పూర్తిగానే కడతాను, వడ్డీ కట్టింది లేదు. అయినా సిబిల్ స్కోరు 781 నుంచి 742కి దిగింది. దసరా నాటికి బాచుపల్లిలో ఫ్లాట్ చూసుకుని 50 లక్షల హోమ్‌లోన్ తీసుకోవాలని ఉంది. అసలు ఎన్నాళ్లకోసారి కొత్త కార్డుకు అప్లై చేయొచ్చు? నా సిబిల్ రిపోర్టు జత చేస్తున్నాను.
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీ విషయంలో అయితే సూటిగా చెప్పేస్తాను. హోమ్‌లోన్ మంజూరై, మొదటి విడత డబ్బు విడుదలయ్యేదాకా ఇంక ఒక్క కార్డుకు కూడా అప్లై చేయకండి. మంజూరు లెటర్ చేతికొచ్చినా ఆగండి. లెటర్‌కీ డబ్బు విడుదలకూ మధ్య ఆలస్యమైతే కొన్ని బ్యాంకులు మళ్లీ రిపోర్టు తీసి చూస్తాయి. ఆ మధ్యలో కొత్త కార్డు కనిపిస్తే ఇదేమిటని అడుగుతారు.

మూడు నెలలా, ఆరు నెలలా, ఏడాదా అని చాలామంది అడుగుతుంటారు. అందరికీ సరిపోయే అంకె లేదు. ముందున్న పెద్ద అప్పు ఎప్పుడో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. హోమ్‌లోన్‌కు ముందు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది, రిపోర్టులో కొత్త ఎంక్వైరీ (మీరు అప్లై చేసినప్పుడు బ్యాంకు మీ రిపోర్టు తీసి చూసినట్టు పడే నమోదు) పడకుండా చూసుకోమని నేను చెప్తాను. కారులోన్ అయితే అంత పట్టింపు అక్కర్లేదు. దగ్గర్లో ఏ అప్పూ లేని వాళ్లు ఒక్కో కార్డుకు ఆరు నెలల ఎడం పాటిస్తే చాలు. నన్నడిగితే ఏడాదికి ఒకటి దాటనక్కర్లేదు. మొదటి ఉద్యోగంలో చేరి మొదటి కార్డు తీసుకున్న పిల్లలైతే, దాని బిల్లులు ఓ ఏడాది సక్రమంగా కట్టాకే రెండోదాని గురించి ఆలోచించాలి.

మీ రిపోర్టు చూశాను. ఎంక్వైరీల పేజీలో ప్రతి వరుసలోనూ ఏ బ్యాంకు అడిగింది, ఏ తేదీన, దేనికోసం, ఎంత మొత్తానికి అని ఉంటుంది. మీకు పదకొండు నెలల్లో ఆరు వరుసలు పడ్డాయి. మీరు చెప్పింది ఐదే కదా, ఆ ఆరోదాని సంగతి చివర్లో చెప్తాను. అప్లికేషన్ రిజెక్ట్ అయిందని రిపోర్టులో ఎక్కడా రాయరు. కానీ లోన్ ఆఫీసరుకు అది రాయనక్కర్లేదు. ఈ పేజీలో ఎంక్వైరీ ఉండి, ఖాతాల పేజీలో ఆ బ్యాంకు పేరు లేకపోతే ఆయనకు విషయం అర్థమైపోతుంది. ఒకటైతే ఎవరూ పట్టించుకోరు. వరసగా మూడు కనిపిస్తే ఈయనకు డబ్బు అవసరం గట్టిగా ఉందేమో, మిగతావాళ్లు ఎందుకివ్వలేదో అన్న అనుమానం మొదలవుతుంది. మీరు పాయింట్ల కోసం చేశారని ఆయనకు తెలిసే వీల్లేదు.

ఆ ఐదూ ఎలా జరిగాయో మీరే రాశారు. రెండు, కార్డులను పోల్చి చూపించే ఒక యాప్‌లో ‘ఎలిజిబిలిటీ చూడండి’ అంటే నొక్కినవి. ఒకటి షాపింగ్ మాల్లో స్టాండు పెట్టుకుని నిలబడ్డ కుర్రాడు అడిగితే ఇచ్చింది. ఒకటి బ్యాంకులో పనిచేసే మీ స్నేహితుడి నెలాఖరు టార్గెట్ కోసం. ఒకటే మీరు నిజంగా కావాలనుకుని చేసింది. మన దగ్గర చాలామంది రిపోర్టులు ఇలాగే ఉంటాయి. మాల్లో ఆ కుర్రాడు ‘లైఫ్‌టైమ్ ఫ్రీ సార్, ప్యాన్ నంబర్ చెప్పండి, ఒక ఓటీపీ వస్తుంది, అంతే’ అంటాడు. ఆ ఓటీపీ చెప్పడమంటే తరచుగా మీ రిపోర్టు తీసి చూడటానికి సంతకం పెట్టినట్టే. కార్డు ఫ్రీయే కావచ్చు, ఎంక్వైరీ మాత్రం ఫ్రీ కాదు. స్నేహితుడి టార్గెట్ అంటారా, ఆయన్ని ఓసారి బిర్యానీకి తీసుకెళ్లండి, మీకు అది చవక. ‘ప్రీ అప్రూవ్డ్’ అని మెసేజ్ వచ్చినా సరే, అప్లై నొక్కాక ఎంక్వైరీ పడదన్న హామీ లేదు. నొక్కేముందు నిబంధనల్లో క్రెడిట్ రిపోర్టు తీసుకునే అనుమతి గురించి ఏం రాశారో చదవండి. మీ స్కోరు మీరు చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

ఇక బావగారి సంగతి. ఆయన చేసేది తప్పని అనను. అక్కడి లెక్క వేరు. అమెరికాలో ఒక కార్డు తీసుకుని, చెప్పినంత ఖర్చు మూడు నెలల్లో చేస్తే వచ్చే వెల్కమ్ బోనస్ ఒక్కోసారి విమానం టికెట్టుకు సరిపోతుంది. అయినా అక్కడా పగ్గాలున్నాయి. గత 24 నెలల్లో ఐదు, అంతకు మించి కార్డులు తెరిచిన వాళ్లకు చేజ్ బ్యాంకు చాలావరకు కొత్త కార్డు ఇవ్వదన్నది అక్కడ పాయింట్లు పోగేసే వాళ్లందరికీ తెలిసిన సంగతే. మన దగ్గర మామూలు కార్డులకు వచ్చేది ఐదొందలో, వెయ్యో గిఫ్ట్ వోచర్. పెద్ద బోనస్ ఇచ్చే కార్డులకు వేలల్లో వార్షిక ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఈ ఏడాది వాడుతున్న రెండు కార్డుల మీదా కలిపి మీకు కలిసొచ్చింది దాదాపు 4,000 రూపాయలని మీరే రాశారు.

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం. ఎస్‌బీఐ, బ్యాంక్ ఆఫ్ బరోడా లాంటి బ్యాంకులు హోమ్‌లోన్ వడ్డీ రేటును స్కోరుకు ముడిపెడతాయి. ఏ స్కోరుకు ఎంత రేటన్నది బ్యాంకును బట్టి మారుతుంది. ఉదాహరణకు మంచి స్కోరుకు 8 శాతం, ఒక మెట్టు కిందికి దిగితే 8.25 శాతం అనుకోండి. 50 లక్షలకు 20 ఏళ్ల ఈఎంఐ మొదటి దానిలో 41,822 రూపాయలు, రెండో దానిలో 42,603. నెలకు 781 రూపాయల తేడా. రేట్లు మధ్యలో మారకుండా అలాగే ఉంటే 240 నెలలకు లక్షా 87 వేల చిల్లర. నాలుగు వేల వోచర్ల కోసం ఇంత పందెం ఎందుకు?

అయితే మీ స్కోరు 39 పాయింట్లు దిగడానికి ఎంక్వైరీలే కారణమని నేననుకోవడం లేదు. రిపోర్టులో ఇంకోటి కనిపిస్తోంది. మీ పాత కార్డు లిమిట్ లక్ష. దాని మీద నెలనెలా 80 నుంచి 85 వేల దాకా వాడుతున్నారు. ఆఫీసులో అందరి లంచ్ బిల్లులు, ఊళ్లకు వెళ్లే వాళ్ల టికెట్లు మీ కార్డు మీదే స్వైప్ చేసి, వాళ్ల దగ్గర ఫోన్‌పేలో వేయించుకుంటున్నానని రాశారు. వార్షిక ఫీజు మాఫీ కావడానికి చేస్తున్న పని ఇది. బిల్లు పూర్తిగా కట్టేస్తున్నారు కాబట్టి వడ్డీ పడదు, నిజమే. కానీ సిబిల్‌కు వెళ్లే లెక్కలో కనిపించేది బ్యాంకు లెక్క పంపే తేదీకి కార్డు మీదున్న బాకీ. లిమిట్‌లో 85 శాతం వాడేశారంటే పీకల్లోతు అప్పుల్లో ఉన్న మనిషికీ మీకూ అక్కడ తేడా తెలియదు. లిమిట్‌లో 30 శాతం లోపు వాడకం మంచిదన్నది అందరూ చెప్పే లెక్కే. మీకు అదే ముఖ్యం.

దీన్ని సరిచేయడం సులువు. ఆఫీసు వాళ్ల ఖర్చులు ఆపేయండి. మొహమాటంగా ఉంటే కార్డు లిమిట్ తగ్గిందని చెప్పండి, అబద్ధమే అయినా పాపం రాదు. మిగిలిన మీ సొంత ఖర్చు నెలకు 45 వేలన్నారు. దాన్ని ఈ కార్డుకూ, లక్షన్నర లిమిట్ ఉన్న కొత్త కార్డుకూ పంచండి. బిల్లు జనరేట్ అయ్యే తేదీకి రెండు మూడు రోజుల ముందే సగానికి పైగా కట్టేయండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు వివరాలు పంపాలి కాబట్టి, అదుపులో పెట్టిన వాడకం మునుపటికంటే త్వరగా స్కోరులో కనిపిస్తుంది. ఇంకో చిన్నమాట. ఏడాదిలో ఒక బ్యాంకు కార్డుల బిల్లులకు మీరు కట్టినది 10 లక్షలు దాటితే ఆ సమాచారం ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లకు వెళ్తుంది. నెలకు 85 వేలంటే ఏడాదికి 10 లక్షల 20 వేలు. ఏడాదికి చేతికొచ్చేది పన్నెండు లక్షలు కూడా లేని మీరు, ఊరి వాళ్ల టికెట్లకు రేపు నోటీసుకు జవాబు రాసుకుంటూ కూర్చోవడం దేనికి?

మూడు రిజెక్టుల గురించి మీరు బాధపడుతున్నారు. మీ జీతానికి ఇవ్వకపోవడమేమిటని అడిగారు. 2023 నవంబరులో ఆర్‌బీఐ క్రెడిట్ కార్డు బాకీల మీద బ్యాంకులకు రిస్క్ వెయిటేజీని 125 నుంచి 150 శాతానికి పెంచింది. అంటే వంద రూపాయల కార్డు బాకీకి బ్యాంకు మునుపటికంటే ఎక్కువ సొంత మూలధనం పక్కన పెట్టుకోవాలి. దాంతో అంతకుముందు అడగ్గానే ఇచ్చిన బ్యాంకులు కూడా ఇప్పుడు ఏరి ఏరి ఇస్తున్నాయి. దీనికి తోడు మీ వాడకం 85 శాతం. ఒక బ్యాంకు కాదంటే మర్నాడే ఇంకో బ్యాంకులో అప్లై చేశారు, మీరు చేసిన వాటిలో ఇదే నాకు నచ్చలేదు. కార్డు ఎందుకివ్వలేదో బ్యాంకు మీకు రాతపూర్వకంగా చెప్పాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ముందు అది అడగాలి. కారణం తెలిశాక దాన్ని సరిచేసుకుని, ఆరు నెలలాగి మళ్లీ వెళ్లాలి.

మూడో కార్డు కవరు చించకుండా బీరువాలో పెట్టానన్నారు. దాన్ని యాక్టివేట్ చేయకండి. ఇచ్చిన 30 రోజుల్లో మీరు యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు ఓటీపీతో మీ అనుమతి అడగాలి, మీరు ఇవ్వకపోతే ఏడు పనిదినాల్లో ఛార్జీ లేకుండా ఖాతా మూసేయాలి. కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్ చేసి ‘వాడకపోయినా ఉంచుకోండి సార్’ అంటారు. వద్దని చెప్పి పెట్టేయండి. అదే సమయంలో 2017 నాటి పాత కార్డును మాత్రం ఫీజు ఉందని కోపంతో మూసేయకండి. మీ రిపోర్టులో ఇన్నేళ్ల చరిత్ర ఉన్నది దానికే. బ్యాంకుకు ఫోన్ చేసి ఫీజు లేని కార్డుగా మార్చమని అడగండి. ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి ఆ ఐదొందల ఫీజూ కట్టేయండి, పోయేదేమీ లేదు.

హోమ్‌లోన్‌కు మీ భార్యను కో-అప్లికెంట్‌గా పెట్టాలనుకుంటున్నారు కదా, ఆమె రిపోర్టు కూడా తీస్తారు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఈ వారమే ఆమెది కూడా తీయించండి. ఎప్పుడో ఫ్రిజ్‌కు తీసుకున్న ఈఎంఐలో మిగిలిపోయిన చిన్న బకాయి లాంటివి బయటపడేది ఇప్పుడే. ఫైలు పెట్టే రోజు వచ్చాక ఏజెంటుకు ముందే చెప్పండి, ఒక బ్యాంకు, మహా అయితే రెండు బ్యాంకుల్లోనే ఫైలు ఇవ్వమని. కొందరు ఏజెంట్లు ఏది ముందు తేలితే అదని నాలుగైదు చోట్ల ఫైలు పడేస్తారు. అవీ మీ పేరు మీద ఎంక్వైరీలే.

ఇంటి లోన్ పనయ్యాక, వచ్చే ఏడాది ఎప్పుడైనా, నిజంగా మీ ఖర్చుకు పనికొచ్చే కార్డు ఒకటి చూసుకోండి. పెట్రోలుకో, సూపర్ మార్కెట్‌కో మీరు ఎక్కువ ఎక్కడ ఖర్చు పెడతారో దాన్ని బట్టి. అప్పటిదాకా ఉన్న రెండు కార్డులు మీకు చాలు.

ఆ ఆరో ఎంక్వైరీ విషయం. అది ఒక పర్సనల్ లోన్ కోసం, రెండు లక్షలకు, మార్చి నెలలో పడింది. మీరు ఏ లోనూ అడగలేదన్నారు. ఆ తేదీ దగ్గర మీ ఫోన్‌లోని మెసేజ్‌లు, మెయిళ్లు వెతకండి. ఎవరైనా రిపోర్టు తీస్తే బ్యూరోలు కస్టమర్‌కు మెసేజ్ పంపాలన్న నిబంధన ఇప్పుడు ఉంది. ఏదైనా లోన్ యాప్‌లో మీరే తెలియక నొక్కి ఉంటే వదిలేయండి, దానికి చేయగలిగింది లేదు. మీరు కాదని తేలితే మాత్రం సిబిల్ వెబ్‌సైట్లో డిస్ప్యూట్ పెట్టండి, ఆ సంస్థకు కూడా మెయిల్ చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. మీ ప్యాన్ నంబరు ఇంకెవరి చేతిలోనైనా ఉందేమో తేలేది కూడా ఇక్కడే. హోమ్‌లోన్ ఫైలు అది తేలాకే పెట్టండి.