472 స్కోరున్నా ఐటీఏ ఎందుకు రాలేదంటే

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల విధానంలో ప్రొఫైల్ పెట్టి, 472 స్కోరున్నా ఐటీఏ, అంటే అప్లై చేసుకోమనే పిలుపు, రాలేదని అడిగారు. మీ ప్రొఫైల్లో తప్పేం లేదు. 2020 డిసెంబర్ 23 తర్వాత 2022 జూలై దాకా కెనడా మీలాంటి ఎఫ్‌ఎస్‌డబ్ల్యూ వాళ్లకి (ఎక్కువగా బయటి దేశాల పని అనుభవంతో అప్లై చేసే నిపుణులకి) డ్రాలు, అంటే స్కోరు చూసి పిలిచే రౌండ్లు, తీయడమే ఆపేసింది. 2021 ఫిబ్రవరి 13న 75 స్కోరుకే పిలిచారని అడిగారు కదా, అది కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్న సీఈసీ కేటగిరీ వాళ్లకి మాత్రమే, దాంతో పోల్చుకుని కుంగిపోకండి.

చాలామంది మర్చిపోయేది ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు గడువు. రెండేళ్లే. ఐటీఏ వచ్చిన రోజే కాదు, అప్లికేషన్ సబ్మిట్ చేసే రోజు కూడా అది చెల్లాలి. ఫలితం వచ్చిన తేదీ టీఆర్‌ఎఫ్ (ఐఈఎల్‌టీఎస్ మార్కుల పత్రం) మీద ఉంటుంది, ఇప్పుడే తీసి చూడండి, మూడు నాలుగు నెలలే మిగిలుంటే డ్రా కోసం ఆగకుండా మళ్లీ రాసేయండి.

1. ప్రొఫైల్ 12 నెలలకి ముగిసిపోతుంది, కొత్తది మీరే పెట్టాలి.
2. అందులో ప్రావిన్సుల ఆసక్తి దగ్గర ఒక్కటే కాకుండా మీకు ఓకే అనుకున్నవన్నీ టిక్ చేయండి. పీఎన్‌పీ (ప్రావిన్సులు తమకి కావాల్సిన వాళ్లని నామినేట్ చేసే పథకం) డ్రాలు నడుస్తూనే ఉన్నాయి, నామినేషన్ వస్తే 600 పాయింట్లు అదనంగా వస్తాయి.
3. మీకు 30 నిండితే 5 పాయింట్లు పోతాయి. ఐఈఎల్‌టీఎస్ మళ్లీ రాస్తే రైటింగ్ మీద గట్టిగా కూర్చోండి, అక్కడ తిరిగి రావచ్చు.