బుగ్గను బావి అనవచ్చా?

సందేహం: ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంలో అప్‌వే అనే ఊళ్లో ‘విషింగ్ వెల్’ చూసొచ్చాను. దాని గురించి రాస్తూ ‘కోరికలు తీర్చే బావి’ అన్నాను. ‘నీళ్లు వాటంతటవే ఉబికి వస్తుంటే అది బావి ఎలా అవుతుంది?’ అని మా అత్తగారు అడిగారు. ఏది సరి? బావికీ నుయ్యికీ తేడా ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: మీ అత్తగారి మాటే సరి. అప్‌వేలో ఉన్నది ఎవరో తవ్వించింది కాదు, వే నది పుట్టే చోటు. అలాంటి చోటును కూడా ఇంగ్లీషులో ‘వెల్’ అంటారు. తెలుగులో తవ్వితేనే బావి. దానంతటది ఉబికితే ఊట, లేదా బుగ్గ. ఏటి ఇసుకలో చేత్తో తోడి నీళ్లు పట్టుకునే గుంట చెలమ. ఇన్ని మాటలు చేతిలో ఉండగా అన్నిటినీ బావిలో కలిపేయడం నాకు నచ్చదు.

నేనైతే ‘కోర్కెల బుగ్గ’ అంటాను. ‘కోరికల ఊట’ అంటే మనసులో కోరికలు ఊరుతున్నాయనే అర్థమే ముందు తడుతుంది. బుగ్గ అంటే చెంప అనుకుంటారేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుణ్ణి గానీ, కడప బుగ్గవంకను గానీ ఎవరూ అలా పొరబడరు.

‘తీర్చే’ అన్న మాట కూడా తీసేయండి. అక్కడి ఆచారం మీరు చూసే ఉంటారు: గ్లాసుతో బుగ్గ నీళ్లు కాసిని తాగి, మనసులో ఒకటి కోరుకుని, మిగిలినవి ఎడమ భుజం మీదుగా వెనక్కి చల్లుతారు. అందులో కోరుకోవడమే ఉంది. ‘మొక్కుల బుగ్గ’ అన్నా కుదరదు. పని అయితే ఫలానాది సమర్పిస్తానని దేవుడికి ఇచ్చే మాట మొక్కు. అందుకే కోరిక తీర్చేది దేవుడు, మొక్కు తీర్చుకునేది మనిషి.

ఇక బావి, నుయ్యి. ఇప్పుడు తేడా లేదు, ఒకప్పుడు ఉండేది. నన్నయ ఆదిపర్వంలో శకుంతల దుష్యంతుడితో ‘నుతజల పూరితంబులగు నూతులు నూరిటికంటె సూనృతవ్రత యొక బావి మేలు’ అంటుంది. అంటే, నీళ్లు నిండిన నూరు నూతుల (నుయ్యికి బహువచనం) కంటే ఒక బావి మేలని. రెండూ ఒకటే అయితే ఆ పోలిక నిలవదు. నుయ్యి పైనుంచి చేదుకునేది. సంస్కృతం ‘వాపి’ నుంచి వచ్చిన బావి, దిగి నీళ్లు అందుకునేంత పెద్దది. చెత్తతో పూడిపోతే బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచిన మన బన్సీలాల్‌పేట బావిని ఒకసారి చూడండి. రాతిమెట్లు అంచెలంచెలుగా నీటిదాకా దిగుతాయి. నన్నయ నాటి లెక్కలో దాన్ని ఉత్త ‘బావి’ అంటే చాలు. రానురాను ప్రతి నుయ్యీ బావి అయిపోవడంతో, అసలు బావికి ‘దిగుడు’ అనో ‘మెట్ల’ అనో ముందు చేర్చి చెప్పాల్సి వచ్చింది.

గచ్చిబౌలి, రేతిబౌలి, పుత్లీబౌలి పేర్లలోని బౌలి ఉర్దూ ‘బావలీ’. అదీ వాపి కుటుంబమే. తెలంగాణ పల్లెల్లో బావి బాయి అయింది. ‘బాయికాడికి పోయిండు’ అంటే పొలానికి వెళ్లాడనే.

నుయ్యి అని రాసేటప్పుడు ఒక జాగ్రత్త: ‘నుయ్యిలో’ కాదు, ‘నూతిలో’. బహువచనం నూతులు.