టెక్సాస్‌లో పాత బోటు ట్రైలర్ కొనేవారికి

డాలస్ పరిసరాల్లో స్థిరపడిన మనవాళ్లలో లూయిస్‌విల్, రే రాబర్ట్స్, టెక్సోమా సరస్సుల మీద చేపల వేటకు పాత పడవ కొనుక్కోవాలనుకునేవారు ఉన్నారు. బేరానికి వెళ్లినప్పుడు ఇంజను స్టార్ట్ చేయించి వింటారు, సీట్లు తడిమి చూస్తారు, కింద ఉన్న ట్రైలర్‌ను మాత్రం పడవతో వచ్చే కొసరుగా లెక్కవేస్తారు. హైవే మీద టైరు పేలినా, చక్రం ఊడినా ఆ కొసరు వల్లే కాబట్టి, దాన్ని పడవకన్నా ముందు పరీక్షించాలని నా అభిప్రాయం.

మొదట కాగితాలు చూడండి. ఇక్కడ పడవకూ, దాని వెనక బిగించే ఔట్‌బోర్డ్ మోటారుకూ టైటిల్ (యాజమాన్య పత్రం) ఇచ్చేది పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ. ట్రైలర్ వ్యవహారం మాత్రం కౌంటీ టాక్స్ ఆఫీసులో తేలుతుంది. అంటే ఒకే బేరంలో మూడు కాగితాలు చేతులు మారాలి. ట్రైలర్ గ్రాస్ బరువు (సొంత బరువూ, మోసే బరువూ కలిపి) 4,000 పౌండ్లు దాటితే టైటిల్ తప్పనిసరి. అంతకు లోపయితే అది లేదన్నంత మాత్రాన అమ్మేవారిని అనుమానించనక్కర్లేదు గానీ, రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీదే ఉందో లేదో, అందులోని విన్ (వాహన గుర్తింపు) నంబరు ఫ్రేము మీద ఉన్నదానితో అంకె అంకె కలుస్తోందో లేదో చూసుకోండి. పాత యజమాని సంతకం చేసిన టైటిల్‌ను తన పేరుకు మార్చుకోకుండానే మీకు అంటగట్టేవారితో బేరం వద్దు. వీలైతే అమ్మేవారితో కలిసి కౌంటీ ఆఫీసుకు వెళ్లి, డబ్బు అక్కడే ఇవ్వడం మేలు.

తరువాత తుప్పు. గాల్వెస్టన్ వైపు ఉప్పునీటిలో దిగిన ట్రైలర్ పైకి నిగనిగలాడుతున్నా, పెట్టె ఆకారపు ఇనుప గొట్టాలను లోపలి నుంచి తుప్పు తినేసి ఉండవచ్చు. స్క్రూడ్రైవరు పిడితో అడుగు భాగాన కొడుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. కొత్తగా పెయింటు వేసిన పాత ట్రైలర్‌ను నేను మరింత అనుమానంగా చూస్తాను. ఆకు స్ప్రింగులు, వాటిని ఇరుసుకు బిగించే యు బోల్టులు, పడవను మోసే చెక్కల మీది కార్పెట్ కింది భాగం కూడా వదలవద్దు. చెక్క కుళ్లినా ఆ కార్పెట్ దాన్ని దాచేస్తుంది.

అసలు ప్రాణం బేరింగుల్లో ఉంది. ప్రయాణంలో వేడెక్కిన హబ్‌ను (చక్రం మధ్యలో బేరింగులుండే భాగాన్ని) చల్లని సరస్సు నీటిలో దించగానే లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన సీలు గుండా నీటిని లాగేసుకుంటుంది. అందుకే హబ్ మూత తీయించి, గ్రీజును వేలితో తీసి చూడండి: పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీరు చేరినట్టే. చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కదలకూడదు, తిప్పితే గరగరలాడకూడదు. ఇక టైరు పక్కన డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఐదారేళ్లు దాటిన టైరును, అరుగుదల లేకపోయినా, మార్చాల్సిన లెక్కలో వేసుకుని ధర తగ్గించమనండి. ట్రైలర్లకు ఎస్‌టీ (ST, అంటే స్పెషల్ ట్రైలర్) అని ముద్రించినవే వాడాలి.

బేరింగులూ టైర్లూ మార్చుకోగలిగినవి. ఫ్రేము పుచ్చితే మాత్రం ఎంత చౌకగా ఇస్తానన్నా వెనక్కి తిరిగి రావాలి.

బరువు లెక్కలో మనవాళ్లు తరచుగా తడబడతారు. ఫ్రేము మీద రాసిన గ్రాస్ బరువులో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది కనుక, దాన్ని తీసేయగా మిగిలినదే పడవకు దక్కేది. పడవ బ్రోచరులోని బరువుకు మోటారు, బ్యాటరీ, సామాను, గ్యాలనుకు ఆరు పౌండ్ల చొప్పున పెట్రోలు కలపాలి. మీ టయోటా సియెన్నా వ్యాన్ లాగగలిగేది 3,500 పౌండ్లేనన్న సంగతి బేరానికి ముందే గుర్తుంచుకోండి. గ్రాస్ బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలి. కారు వెనక ఉండే గుండు, అంటే హిచ్ బాల్ కొలతా, దాని మీద కూర్చునే ట్రైలర్ కప్లర్ మీద ముద్రించిన కొలతా ఒకటే కావాలి; రెండంగుళాల కప్లర్‌ను అంతకన్నా చిన్న బాల్ మీద పెడితే కూర్చున్నట్టే కనిపించి, గతుకులో ఎగిరిపోతుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు సేఫ్టీ చెయిన్లను కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి తగిలించి, లైట్లు వెలుగుతున్నాయో చూసుకుని, పది మైళ్లు పోయాక ఆగి హబ్‌లను చేత్తో తాకండి. రెండూ గోరువెచ్చగా ఉండడం మామూలే. ఒకటి చెయ్యి ఆనలేనంత కాలుతుంటే అక్కడే ఆపేసి టో ట్రక్కును పిలవండి.