నూనె, పాలు, పెరుగు లేకుండా సలాడ్ డ్రెస్సింగ్ ఇంట్లో చేసుకోవచ్చా? సీసాల్లో అమ్మేదానిలా చిక్కగా వస్తుందా?

వస్తుంది. ఆ సీసాలు కొనడం మానేసి నాకు రెండేళ్లయింది. ఆరోగ్యం కోసం మానలేదు, ఒళ్లు మండి మానేశాను.

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం. ఓ దసరాకి వైజాగ్ వచ్చి, చెప్పులు విప్పుతూనే "నాన్నా, నేను వీగన్ అయ్యాను, పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ వద్దు" అంది. అదే నెలలో నా రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, 286 వచ్చాయి. డాక్టరుగారు కాగితం కేసి చూస్తూనే నూనె తగ్గించమన్నారు. అంటే ఒకరికి పాలు లేవు, ఒకరికి నూనె లేదు. మా అమ్మైతే ఆ రెండూ లేని కంచాన్ని భోజనం అనదు. ఇక మా ఆవిడ "సలాడ్లు తినండి, అందరికీ సరిపోతాయి" అని చేతులు దులిపేసుకుంది.

సరే అని సూపర్ మార్కెట్‌కి వెళ్లి, పచ్చచుక్క ఉంది కదా అని ఒక డ్రెస్సింగ్ సీసా తెచ్చాను. మా అమ్మాయి వెనక్కి తిప్పి చదివింది. మొదటి పేరే రిఫైన్డ్ నూనె, ఆఖర్న పాలపొడి. ఆ జాబితాలో ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలి, కాబట్టి మీరూ ఎప్పుడైనా మొదటి మూడు పేర్లు చదివి సీసా కింద పెట్టెయ్యండి. పచ్చచుక్క అంటే శాకాహారం అని మాత్రమే, పాలు ఉండొచ్చు. వీగన్‌కి 2022 నుంచి వేరే గుర్తు ఉంది. సీసా ముందువైపు పెద్ద అక్షరాలతో 'కొలెస్ట్రాల్ లేదు' అని కూడా ఉంది. మొక్కల నూనెలో కొలెస్ట్రాల్ ఎప్పుడుందండీ బాబూ! బెండకాయ మీద 'ఇందులో ఎముకలు లేవు' అని రాసినట్టుంది.

ఇక అసలు సంగతి. డ్రెస్సింగ్‌లో నూనె చేసే ముఖ్యమైన పని పులుపునీ ఉప్పునీ ఆకుకి అంటించి పట్టుకోవడం. ఉత్త నిమ్మరసం పోస్తే గిన్నె అడుక్కి జారిపోతుంది. ఆ పట్టుకునే పని మెత్తగా నూరిన నువ్వులు చేస్తాయి. నువ్వులకి ఆవ తోడైతే నూనెని ఎవరూ తలుచుకోరు.

నలుగురికి కొలత చెబుతాను. తెల్ల నువ్వులు మూడు పెద్ద చెంచాలు, రంగు మారకుండా సన్న సెగ మీద వేడెక్కించి చల్లార్చండి. అర చెంచాడు ఆవాలు, ఒక పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క, ఉప్పు. చట్నీ జార్‌లో ముందు పొడిగానే, ఆపి ఆపి తిప్పాలి. ఆగకుండా తిప్పితే జార్ వేడెక్కుతుంది, ఆ వేడి ఆవకి పడదు. తర్వాత నాలుగు చెంచాల చన్నీళ్లు పోసి మెత్తగా నూరి, పది నిమిషాలు వదిలెయ్యండి. అప్పుడు ఒక పెద్ద నిమ్మకాయ పిండి, గోలీకాయంత అనకాపల్లి బెల్లం వెయ్యండి. నిమ్మరసం పడగానే ముద్ద ఒక్కసారి బిగుసుకుని తెల్లబడుతుంది. విరిగిపోయిందేమోనని మొదటిసారి నేను సగం పారబోశాను. విరగదు. చెంచా చెంచా చొప్పున నీళ్లు పోస్తూ గిలక్కొడితే మళ్లీ జారుగా అయి, గరిటె వెనకాల పూతలా నిలబడుతుంది. అక్కడ ఆపెయ్యండి.

ఆ పది నిమిషాలు, ఆ చన్నీళ్లు ఎందుకో చెప్పాలంటే మా కాలనీ కార్తీక వనభోజనాల కథ చెప్పాలి.

ఆ ఏడాది వనభోజనాలు ముడసర్లోవ పార్కులో. ఇంటికో వంటకం. పులిహోర, పనసపొట్టు కూర, బొబ్బట్లు అన్నీ ముందే పంచేసుకున్నారు. నేను చెయ్యెత్తి, నలభై మందికి సలాడ్ తెస్తాను, అదీ నూనె లేకుండా అన్నాను. అందరూ జాలిగా తలూపారు.

ముందురోజు రాత్రి నూరడం మొదలెట్టాను. బేగి నలుగుతాయని ఆవాల మీద వేణ్నీళ్లు పోశాను, ఆగకుండా అయిదు నిమిషాలు మిక్సీ తిప్పాను. వేలితో నాలిక మీద పెట్టుకుంటే చేదు, కాకరకాయ నయం. మా అమ్మ విజయనగరం మనిషి. వంటింట్లోకొచ్చి వాసన చూసి, "ఏట్రా ఇది, వేపాకు నూరేవేటి? ఆవ వేణ్నీళ్లతో నూరుతారేట్రా ఎవులైనా!" అంది. ఎనభై ఏళ్ల మనిషి, నేలమీద కూర్చుని రోట్లో మళ్లీ నూరి చూపించింది. గింజ నలిగి చన్నీళ్లు తగిలితేనే ఘాటు పుడుతుంది, దానికి కాస్త వ్యవధి కావాలి. వేణ్నీళ్లు పోస్తే ఆ ఘాటు పుట్టించే ఎంజైమ్ చచ్చిపోయి చేదు మిగులుతుంది. పులుపు ముందే కలిపేసినా ఘాటు సరిగ్గా లేవదు. ఈ ఎంజైమ్ గొడవంతా నేను తర్వాత చదువుకున్నాను. మా అమ్మ మాత్రం "కంట్లో నీరు తిరిగినాక చింతపండెయ్" అంది, అంతే. పనసపొట్టులో ఆవ పెట్టడం ఎరిగిన ఇంట్లో పుట్టి నాకింత జ్ఞానం లేకపోయింది.

(రోలు గురించి ఒక మాట. అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిది దాటి రోట్లో నూరితే కింద ఫ్లాట్ ఆయన చప్పుడని ఫోన్ చేస్తాడు. వాళ్లబ్బాయి అర్ధరాత్రి హాల్లో బంతాట ఆడితే మేం ఎవరికి చెప్పుకోవాలి?)

తెల్లారేసరికి డ్రెస్సింగ్ అమృతంలా ఉంది. సీతమ్మధార రైతు బజార్ నుంచి తెచ్చిన కీరదోస, క్యారెట్, క్యాబేజీ, టమాటా తరిగి పెద్ద స్టీలు బేసిన్‌లో పోశాను. తర్వాత చేసిందే అసలు తప్పు. ముక్కలకి బాగా పడుతుందని ఉదయం ఏడింటికే ఒక సీసా డ్రెస్సింగ్ మొత్తం కలిపేశాను. దారిలో ముడసర్లోవ రిజర్వాయర్ మీద తేలే సోలార్ పలకల్ని పిల్లలకి చూపించాలని బస్సు ఆపారు. 2018లో పెట్టినవి, 2 మెగావాట్లట. మా రిటైర్డ్ ఇంజనీరుగారు వాటి గురించి అరగంట మాట్లాడారు. అంతసేపూ బేసిన్ కిటికీ పక్కన ఎండలో ఉంది.

పన్నెండున్నరకి ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేశాక మూత తీశాను. బేసిన్‌లో రెండు వేళ్ల లోతు నీళ్లు. ఉప్పు కీరదోసలో, టమాటాలో నీరంతా లాగేసింది, డ్రెస్సింగ్ ఆ నీళ్లలో కలిసిపోయి తెల్లగా తేలుతోంది. క్యాబేజీ తడిసిన కాగితంలా ఉంది. ఎదురింటావిడ గరిటెతో కలిపి చూసి, "అన్నయ్యగారూ, ఇది మజ్జిగపులుసాండీ?" అని మర్యాదగానే అడిగింది. మర్యాదగా అడిగితేనే ఎక్కువ తగులుతుంది. మా అమ్మాయి ఒక్కతే రెండుసార్లు వడ్డించుకుంది, పాపం.

అయితే నా దగ్గర ఇంకో సీసా ఉంది. కాఫీపొడి సీసా నిండా డ్రెస్సింగ్, చాలకపోతే కలుపుదామని విడిగా తెచ్చాను. సాయంత్రం మూడింటికి పిల్లలు మురీ (మరమరాల) మిక్స్చర్ కలుపుకుంటున్నారు. బీచ్ రోడ్డు మిక్స్చర్‌కి ప్రాణం ఉల్లిపాయే కదా, కార్తీకం అని ఆ పూట ఉల్లి లేదు. మురీలు, వేరుశనగ గుళ్లు, టమాటా అన్నీ ఉన్నా చప్పగా ఉందని మొహాలు పెట్టారు. ఒకడు నా సీసా మూత తీసి రెండు చెంచాలు పోసి కలిపాడు. తిన్నాడు. మళ్లీ పోశాడు. అయిదు నిమిషాల్లో సీసా అడుగు గీకుతున్నారు. ఎదురింటావిడ కూడా ఓ పొట్లం పట్టించుకుని, "ఈ ఆవపచ్చడి ఎవరు తెచ్చారమ్మా?" అంది. నేను మాట్లాడలేదు.

అందుకని నా అనుభవంతో చెబుతున్నాను, సలాడ్ చెడేది డ్రెస్సింగ్ వల్ల కాదు, నీళ్ల వల్ల. ఆకులు, ముక్కలు కడిగాక తువ్వాలు మీద పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. మన సముద్రపు గాలికి అరగంట చాలదు, గంట పడుతుంది. ఉప్పు డ్రెస్సింగ్‌లోనే ఉండాలి, ముక్కల మీద చల్లకూడదు. కంచంలో పెట్టుకున్నాకే కలుపుకోవాలి. డ్రెస్సింగ్ మాత్రం ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. బల్ల మీద వదిలేస్తే వైజాగ్ ఉక్కకి సాయంత్రానికే వాసనొస్తుంది.

'నువ్వుల్లో నూనె లేదా మరి?' అని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. ఉంది, బరువులో దాదాపు సగం నూనే. నేను చెప్పిన మూడు చెంచాల్లో ఉన్నది లెక్కేస్తే సుమారు ఒక పెద్ద చెంచా నూనె. అది నలుగురికి. పైగా క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తగలాలి. కాబట్టి ఉప్పూ నూనె రెండూ మానేసిన మా వాకింగ్ మిత్రుడు నన్ను మోసగాడన్నా నేను మారను.

జీడిపప్పు నానబెట్టి నూరితే ఇంకా చిక్కగా వస్తుందని చాలామంది చెబుతారు. పలాసలో చుట్టాలున్నారు కాబట్టి అదీ చేశాను. బాగానే ఉంది గానీ, కీరదోస మీద పాయసం పోసుకున్నట్టుంది. డబ్బు దండగ. వేసవిలో మాత్రం నిమ్మకాయ బదులు పచ్చి మామిడికాయ ముక్క వేసి నూరి చూడండి, కార్తీకంలో అయితే ఉసిరికాయ. ఉసిరి వేస్తే బెల్లం కొంచెం పెంచాలి, వగరు ఉంటుంది. ఇంకా, దయచేసి ఆ విదేశీ ఆకుల కోసం డబ్బు తగలెయ్యకండి. రైతు బజార్ లేత క్యాబేజీ చాలు, దానికి పట్టినంత గట్టిగా ఈ డ్రెస్సింగ్ వేరే దేనికీ పట్టదు.

ఈ కార్తీకానికి కాలనీ వాళ్లు ఎవరి వంటకం ఏంటో మొన్న పంచుకున్నారు. సలాడ్ తెమ్మని నన్నెవరూ అడగలేదు. ఆ పుల్లటిది మాత్రం మూడు సీసాలు తెమ్మన్నారు, మురీలు వాళ్లే తెచ్చుకుంటారట.