850 లె మాన్స్ కొనొచ్చా? ముందు సిలిండర్‌లోకి తొంగి చూడండి

ప్రశ్న: నా వయసు 43. ఉద్యోగం చేస్తున్నాను. ఇంటి ఖర్చు, గృహ రుణం ఈఎంఐ కలిపి చూస్తే 20 నెలలకు సరిపడా డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంది. మూడేళ్లలో అమ్మాయి కాలేజీకి వెళ్తుంది. ఆ ఫీజులకు సుమారు 5 నెలల ఖర్చంత కావాలి, విడిగా ఏమీ దాచలేదు. 1977 నాటి మోటో గుజ్జి 850 లె మాన్స్ ఒకటి అమ్మకానికి వచ్చింది. నాలుగేళ్లుగా కదలకుండా ఉంది. అడుగుతున్న ధర మా 9 నెలల ఖర్చుతో సమానం. 'కాస్త సర్వీసు చేయిస్తే చాలు' అంటున్నారు. 'ఇటాలియన్ పాత బండి ధర పడిపోదు, పెట్టుబడి అనుకో' అని మా బైకు మిత్రులు అంటున్నారు. సర్వీసు వరకు పర్సనల్ లోన్ తీసుకుని కొనేయనా?

జవాబు: ఈ ధరకు, ఈ స్థితిలో అయితే వద్దు. మీరు రాసిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి. 20లో 6 నెలల డబ్బు అత్యవసర నిధి, దాని జోలికి వెళ్లకూడదు. అమ్మాయి చదువుకు 5 తీస్తే మిగిలేది 9. బండి ధరా 9. తాళం చేతికొచ్చిన రోజున ఒక గాస్కెట్ కొనడానికి కూడా ఏమీ మిగలదు. నాలుగేళ్లు మూల నిలబడిన లె మాన్స్ విషయంలోనేమో ముందుంది ముసళ్ల పండగ.

అసలు భయం సిలిండర్ల దగ్గరే. 1976లో వచ్చిన మొదటి లె మాన్స్‌ సిలిండర్లు అల్యూమినియంవి, లోపలి గోడకు గట్టి క్రోమ్ పూత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ, అందులోనూ చెమ్మలో ఊరికే నిలబెట్టేస్తే, ఆ పూత లేచి పెచ్చులూడుతుంది. ఊడిన రేకులు రింగుల్ని గీరేస్తాయి, ఆయిల్‌లో కలిసి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగ్ షెల్స్ దాకా పోతాయి. మామూలు ఇంజన్‌లా రీబోర్ చేయించి (లోపలి గోడను కోసి వెడల్పు చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్ వేద్దామంటే ఇందులో కుదరదు. నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన గట్టి పూత) ఉన్న సిలిండర్లు, పిస్టన్లు రెండేసి కొనాలి, లేదా పాతవాటికే ఆ పూత వేయించాలి. ఆయిల్‌లో రేకులు దొరికితే పని అంతటితో ఆగదు. సంప్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి, కనెక్టింగ్ రాడ్ల కింది చివర ఉండే బిగ్ ఎండ్ షెల్స్ చూడాలి. క్రాంక్ లోపల మడ్డి పేరుకునే రంధ్రం ఉంటుంది, క్రాంక్ బయటికి తీసి దాన్నీ కడగాలి. ఈ పని ఎగ్గొట్టి కొత్త సిలిండర్లు మాత్రం ఎక్కిస్తే, మిగిలిన రేకులు కొత్త షెల్స్‌నూ తినేస్తాయి. ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇలాగే.

ఇంజన్ ఒక్క బటన్‌కే అందుకుని చక్కగా పలికిందని మోసపోకండి. పూత ఊడటం మొదలైన ఇంజన్ కూడా బాగానే స్టార్ట్ అవుతుంది. డబ్బు ఇవ్వకముందే అమ్మే ఆయన్ని ఒక పూట సమయం అడగండి. రెండు ప్లగ్గులూ తీసి, పిస్టన్‌ను అడుక్కి దించి, ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ అనే సన్నని గొట్టపు కెమెరా పంపండి. బాగున్న గోడ పైనుంచి కిందిదాకా ఒకే మెరుపుతో ఉంటుంది. మధ్యలో మసక బూడిద రంగు మచ్చలు కనిపిస్తే, అక్కడ క్రోమ్ పోయి అల్యూమినియం బయటపడిందన్నమాట. తర్వాత ఇంజన్‌ని కాస్త వెచ్చబెట్టి, ఆయిల్‌ను తెల్ల ట్రేలోకి వదిలి ఎండలో చూడండి. తళుక్కుమనే పలుచని రేకులు అయస్కాంతానికి అంటుకోకపోతే ముందు క్రోమ్‌నే అనుమానించాలి. అంటుకుంటే ఉక్కు, అంటే జబ్బు ఇంకెక్కడో ఉంది.

ఇక ఆ 'కాస్త సర్వీసు'. డెల్లోర్టో 36 కార్బురేటర్లు రెండూ పూర్తిగా విప్పాలి, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్‌లు, ఫ్లోట్ నీడిల్స్, ఓ-రింగులు మార్చాలి. లె మాన్స్‌లో కాలి బ్రేకు పెడల్ వెనక డిస్కుతో పాటు ముందున్న రెండు డిస్కుల్లో ఒకదాన్ని కూడా పడుతుంది, చేతి లివర్ రెండోదాన్ని పడుతుంది. కాబట్టి మాస్టర్ సిలిండర్లు రెండు, కాలిపర్లు మూడు. నాలుగేళ్ల పాత బ్రేకు ద్రవం చెమ్మ పీల్చి కాలిపర్లలోని పిస్టన్లను బిగదీసి ఉంటుంది, రబ్బరు హోసులు పైకి బాగున్నా లోపల ఉబ్బి ఉంటాయి. టైర్లకు గాట్లు లేకపోయినా పక్కనున్న నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మూడే అంకెలుంటే 2000కు ముందువి, మాట్లాడకుండా తీసేయండి. ఆయిల్ ఖర్చు మాత్రం లెక్కలోకి రాదు: ఇంజన్‌కు 3 లీటర్లు, గేర్‌బాక్స్‌కు ముప్పావు, వెనక డ్రైవ్‌కు పావు. కాకపోతే ఆయిల్ ఫిల్టర్ సంప్ లోపల ఉంటుంది, మార్చాలంటే సంప్ దించాల్సిందే. 'ఆయిల్ మార్చాం' అన్నారంటే 'ఫిల్టరో?' అని అడగండి. జవాబును బట్టి బండిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది.

పాత బండికి మొదటి ఏడాది ఖర్చు కింద ధరలో మూడో వంతు పక్కన పెట్టమంటాను. ఇది శాస్త్రమేమీ కాదు, జాగ్రత్త. మీ మిత్రుల 'పెట్టుబడి' మాటను ఇప్పుడు లెక్కేద్దాం. కొన్న ధర 9, మొదటి ఏడాది పనికి 3, ఆ పైన ఆరేళ్లపాటు బీమా, బ్యాటరీ, టైర్లు, చిల్లర పార్టులకు ఏటా అర నెల ఖర్చు చొప్పున మరో 3. మొత్తం 15. అసలు దక్కాలంటేనే 15కు అమ్మాలి, అంటే ధర దాదాపు 67 శాతం పెరగాలి. డిపాజిట్‌లో ఉంటే వచ్చే వడ్డీని కలపనే లేదు. పెరిగితే పెరగొచ్చు. కానీ ఆ ఆశ మీద అమ్మాయి ఫీజు పెట్టకూడదు, ఎందుకంటే ఇలాంటి బండికి సరైన కొనుగోలుదారు దొరకడానికి నెలలు పట్టొచ్చు, కాలేజీ వాళ్లు అన్నాళ్లు ఆగరు. బండిని సరదా ఖర్చు పద్దులో రాసుకోండి.

లోన్ మాటే ఎత్తకండి. పార్టుల కోసం బండి స్టాండు మీద విప్పి ఉండగానే ఈఎంఐ మొదలవుతుంది. పప్పు కూడు కోసం అప్పు చేయడమంటే ఇదే.

మీ స్తోమతకు తగిన ధర 6 నెలల ఖర్చు. మిగతా 3 బండి పనికి మాత్రమే, వేరే ఖాతాలో ఉండాలి. బోరోస్కోప్‌లో మచ్చలు కనిపిస్తే సిలిండర్-పిస్టన్ సెట్టు, షెల్స్, గాస్కెట్లు, కూలీ అన్నిటికీ రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని బేరమాడండి. ఆయన దిగకపోతే అదే 844 సీసీ ఇంజన్ ఉన్న 850 టి3 వెతకండి. పేరు తక్కువ కాబట్టి ధరా తక్కువ, చాలా పార్టులు ఒకటే. క్రోమ్ పరీక్ష దానికీ తప్పదు. అయితే ఈ ధర తేడా వల్లే టి3లకు లె మాన్స్ వేషం వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. అసలైన లె మాన్స్ ఫ్రేమ్ నంబరు వీఈ అక్షరాలతో మొదలవుతుంది, కాగితాల్లోనూ అదే ఉండాలి. ఇంజన్ నంబరు, ఫ్రేమ్ నంబరు ఒకటే కావాలని మీ బైకు మిత్రుల బృందంలో ఎవరైనా పట్టుబడితే, అది లావెర్డా అనే మరో ఇటాలియన్ కంపెనీ బండ్ల సంగతి అని చెప్పండి. గుజ్జిలో ఆ రెండూ వేరువేరే.

కూలీ దగ్గర మాత్రం గుజ్జి దయగలది. సిలిండర్లు రెండూ చెరో పక్కకు బయటికే ఉంటాయి, వాల్వ్ క్లియరెన్స్‌కు (వాల్వు దగ్గర వదలాల్సిన సన్నని సందుకు) స్క్రూ, లాక్‌నట్, ఫీలర్ గేజ్ చాలు. వాల్వును స్ప్రింగుతో కాక రాకర్‌తోనే మూసే డుకాటి డెస్మో అయితే తెరిచే రాకర్‌కూ మూసే రాకర్‌కూ విడివిడిగా షిమ్‌లు (సందు సరిచేసే బిళ్లలు) చూడాలి, అది ఒక గంటలో తేలే పని కాదు. వరస మాత్రం తప్పొద్దు: ముందు వాల్వులు, తర్వాత ఇగ్నిషన్ టైమింగ్, చివర్లో కార్బురేటర్లు. మొదటి రెండూ సరిగా లేకుండా కార్బురేటర్లను ఒకదానితో ఒకటి ఎంత సమం చేసినా ఐడిల్ (యాక్సిలరేటర్ వదిలేసినప్పటి వేగం) నిలవదు. రెండు కార్బురేటర్లను సమం చేయడానికి వ్యాక్యూమ్ గేజ్‌లు కావాలి. వాటిని ఒక్కరే కొనకండి, బృందమంతా కలిసి ఒక సెట్టు కొంటే సరిపోతుంది. పార్టులు కూడా నలుగురూ కలిపి ఒకే ఆర్డరులో తెప్పించుకుంటే రవాణా ఖర్చు పంచుకోవచ్చు.

విప్పిన అసలు పార్టుల్ని, సైలెన్సర్లు సహా, పారేయకుండా పెట్టెలో దాచండి. సీటు ముక్కు దగ్గర ఫోమ్ చీలిపోవడం ఈ మోడల్‌కు మామూలే. చీలని అసలు సీటు ఉంటే బేరంలో దానికి కాస్త ఎక్కువ ఇవ్వొచ్చు. ప్రతి బిల్లూ ఫైల్లో పెట్టండి. బీమా తీసుకునేటప్పుడు విలువను ముందే ఒప్పందంగా రాసే పాలసీ ఉందేమో అడగండి. లేకపోతే బండి పోయిన రోజున దాన్ని కేవలం పాత మోటారు సైకిల్‌గా లెక్కగట్టే ప్రమాదం ఉంది.

అడ్వాన్సు మాత్రం ఆయిల్‌ను తెల్ల ట్రేలోకి వదిలి చూసిన తర్వాతే ఇవ్వండి. అందుకు ఆయన ఒప్పుకోకపోతే, సిలిండర్లు పోయాయనే అనుకుని ధర చెప్పండి.